పనిలేని కుర్రాళ్ళు కట్టిన మంటపం

ఇర్వింగ్‌లో మా వెనక వీధి అపార్ట్‌మెంట్లలో ఎమ్మెస్ చదివే పిల్లలు కొంతమంది ఉన్నారు. మొన్న వేసవిలో వాళ్ళలో ఒకమ్మాయి వచ్చి అడిగింది. "ఆంటీ, ఫ్రెండ్స్ అందరం కలిసి ఒక రోజు ఎటన్నా పోదామనుకుంటున్నం. మస్తు ఖర్చు లేకుండా, జర నీడ ఉండే ప్లేస్ ఏదన్న ఉందా?"

ఉందన్నాను. ఒక పార్కులోని మంటపం ఆన్‌లైన్‌లో నేనే బుక్ చేశాను. రెండు గంటల డ్రైవ్. మూడు కార్లలో బయల్దేరాం. చెరువు పక్కన పెద్ద రాతి మంటపం. మూడు వైపులా తెరిచి ఉంటుంది, నాలుగో వైపు గోడలో మనిషి నిలబడేంత పొయ్యి. పిల్లలు ఫాయిల్ ట్రేల్లో బిర్యానీ తెరిచారు. తింటున్నంతసేపూ ఉద్యోగాల మాటలే. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికిచ్చిన ఓపీటీ గడువు కరిగిపోతోందని ఒకడు, అప్లై చేసి చేసి విసుగొచ్చిందని ఇంకొకడు. తణుకు నుంచి వచ్చిన కుర్రాడు ఒకడు గోడ మీద చెయ్యి వేసి, "ఇదెవరు కట్టారండీ ఆంటీ? కోటలా ఉంది" అన్నాడు.

"ఉద్యోగాల్లేని కుర్రాళ్ళు," అన్నాను.

అందరూ ఘొల్లున నవ్వారు. "ఆంటీ, మామీద పంచ్ వేశారా?"

నేను పంచ్ వేయలేదు. ఉన్నమాటే చెప్పాను. కానీ అప్పటికే నా ధ్యాస వాళ్ళ మీద లేదు. ఆ పొయ్యిలో అప్పుడు నిప్పు లేకపోయినా, రాళ్ళకి పట్టిన పాత పొగ వాసన వస్తూనే ఉంటుంది. అది ముక్కుకి తగిలిందంటే నేను మళ్ళీ పదేళ్ళ పిల్లనైపోతాను.

అప్పట్లో ఈ చుట్టుపక్కల తెలుగువాళ్ళు చాలా తక్కువ. వీధికొక ఇండియన్ స్టోర్ ఉన్న ఇప్పటి రోజులు కావు. ఉన్న ఒక్క కొట్లో శనగపిండి దొరికితే కందిపప్పు ఉండేది కాదు. ఒకావిడ ఇంట్లో కుండీలో కరివేపాకు చెట్టు ఉండేది. చలికాలంలో దానికి దుప్పటి కప్పేవారు. ఎవరింట్లో పండగైనా ఆవిడ ఒక రెమ్మ తుంచి, తడి పేపర్ టవల్‌లో చుట్టి, బంగారం ఇచ్చినట్టు ఇచ్చేది. గులాబ్ జాములు పాన్‌కేక్ పిండితో చేసేవాళ్ళు. చపాతీల బదులు టోర్టియాలు. అలాంటి రోజుల్లో మా అందరికీ ఏడాదికొక్కసారి వనభోజనాలు. కార్తీకమాసంలో కాదు, వేసవి సెలవుల చివర లాంగ్ వీకెండ్‌లో, ఈ మంటపంలోనే.

ఆ ఏడాది మా జేజి కూడా వచ్చింది. జేజి అంటే మా నాన్నగారి అమ్మ. అనంతపురం వైపు అలాగే పిలుస్తారు.

ఆమె వచ్చి నాలుగైదు నెలలయింది. అపార్ట్‌మెంట్ బాల్కనీలో కుర్చీ వేసుకుని, పార్కింగ్ లాట్ వైపు చూస్తూ కూర్చునేది. కార్లు తప్ప మనిషన్నవాడు కనపడేవాడు కాదు. "మనుషులు యాడికి పోయినారు పాపా?" అనేది నాతో. నాకు ఆమె మాట సగమే అర్థమయ్యేది. నేను నాలుగేళ్ళప్పుడు ఇక్కడికి వచ్చాను. నా తెలుగులో క్రియలు ఒక దారిన, విభక్తులు ఇంకో దారిన పోయేవి. మా అమ్మది గుంటూరు. అత్తాకోడళ్ళ మధ్య గొడవల్లేవు. మాటలే లేవు. ఒకరు చేసింది ఇంకొకరు తినేవారు, గిన్నెలు కడిగేవారు, అంతే.

మా నాన్నకి మాత్రం జేజి అంటే గొప్ప. స్నేహితులు ఇంటికొచ్చినప్పుడల్లా చెప్పేవాడు. "మా అమ్మావాళ్ళది పెద్ద రైతు కుటుంబం అండీ. ఆమె గడప దాటి ఎరగదు. మహారాణిలా పెరిగింది." జేజి ఆ మాటలు వింటూ చీర కుచ్చిళ్ళు సర్దుకునేది. అవుననేది కాదు, కాదనేది కాదు.

వనభోజనాల రోజు పొద్దున్నే బయల్దేరాం. అప్పుడు మాది పొడుగాటి స్టేషన్ వేగన్. చివర్లో వెనక్కి తిరిగి కూర్చునే సీటు ఉండేది. అందులో నేనూ, పులిహోర నింపిన ఐస్ చెస్టూ. ఊరు దాటి గంట గడిచాక జేజి ఒక్కసారిగా, "ఆపు! ఆపు నాయనా!" అంది. కడుపులో తిప్పుతోందేమోనని నాన్న కారు పక్కకి తీసి ఆపాడు. జేజి దిగి, కంచె దగ్గరికి పోయి, ఒక ముళ్ళచెట్టు కొమ్మ పట్టుకుని నిలబడింది.

"సర్కారు తుమ్మ! ఇదెప్పుడొచ్చెరా ఇక్కడికి?"

నాన్న నవ్వాడు. "రావడం కాదమ్మా. ఈ జాతి పుట్టిందే ఈ పక్క దేశాల్లో. ఇక్కణ్ణించే మనూరికి తెచ్చిరి."

జేజికి నమ్మబుద్ధి కాలేదు. రెండడుగులు వేసి ఇంకో మొక్క చూపించింది. "మరి ఈ నాగజెముడు?"

"అదీ ఇక్కడిదే."

"ఓరి వీళ్ళ! మనకంటూ సొంతంగా ఏమన్నా ఉండాయా లేదా?" అంది. ఆమె నవ్వగా చూడటం నాకదే మొదటిసారి. ఆ తర్వాత దారి పొడుగునా అద్దానికి ముఖం ఆనించి కూర్చుంది. ఎర్రమట్టి, ఎండిన గడ్డి, ముళ్ళకంప, దూరంగా రాతిగుట్ట. "అచ్చం మా ఊరే," అని తనలో తనే అనుకుంది.

మేం చేరేసరికి మంటపంలో హడావిడి మొదలైంది. గోడలోని పొయ్యిలో డాక్టర్ అంకుల్ కట్టెలు పేరుస్తున్నాడు. మా అందరిలోకీ పెద్దవాడు, ముందు వచ్చినవాడు. అందుకని ప్రతి పనికీ ఆయనే మేనేజర్. జేజి ఎవరినీ పలకరించకుండా ముందు గోడ దగ్గరికి పోయింది. రాయి మీద అరచెయ్యి ఆనించి, అలాగే తడుముకుంటూ మూల వరకూ నడిచింది. తర్వాత తలెత్తి దూలాలు చూసింది. ఒక్కొక్కటీ మనిషి నడుమంత లావు, గొడ్డలి దెబ్బలు ఇంకా కనపడుతున్నాయి.

పిల్లలం మేం చెరువు కట్ట వైపు పరిగెత్తాం. కట్ట కింద నాగజెముడు పొదలు, వాటినిండా ముదురు ఎరుపు పండ్లు. పెద్దవాళ్ళు ముట్టుకోవద్దన్నారు కాబట్టే ముట్టుకున్నాం. కంటికి కనపడని ముళ్ళు వేళ్ళలో దిగాయి. ఒకమ్మాయి ఏకంగా కొరికి చూసింది. దాని ఏడుపు విని జేజి వచ్చింది. తిట్టలేదు. దాని నాలుక మీద ముళ్ళు ఒక్కొక్కటీ గోటితో తీసింది. తర్వాత పండ్లని పుల్లతో నేలమీద పడేసి, ఇసుకలో చెప్పుకాలితో దొర్లించి, ఎండుగడ్డి చుట్టతో రుద్ది, బొటనవేలి గోటితో చీల్చింది.

"మా వాటిలో నడిమధ్యన చుక్క మాదిరి ముల్లుంటాది. అది తీయకుంటే గొంతులో దిగుతాది. వీటికి లేదే! మెత్తని జాతి. తినండి. కడుపు నిండా మాత్రం తినొద్దండి, రేపు తెలుస్తాది."

అయిదు నిమిషాల్లో మా మూతులూ చొక్కాలూ ఎర్రగా అయిపోయాయి. మా అమ్మ చూసి గుండెలు బాదుకుంది. "అయ్యయ్యో, పిల్లలకి ఇవేం పెడుతున్నారండీ అత్తయ్యా! ఎక్కడ నేర్చుకున్నారు ఇవన్నీ?"

"యాడో," అని జేజి చెయ్యి కడుక్కుంది.

మధ్యాహ్నానికి బజ్జీలు మొదలయ్యాయి. మన మిరపకాయలు దొరకవు కాబట్టి ఈ ఊరి హాలపీన్యోలు, లావుగా నున్నగా ఉండేవి. చీల్చి వాము, చింతపండు పెట్టి, శనగపిండిలో ముంచి నూనెలో వేస్తుంటే ఆ ఘాటుకి మంటపంలో ఉన్నవాళ్ళంతా దగ్గుతూనే నవ్వుతున్నారు. ఆ వాసనకే ఆయన వచ్చాడు. కట్ట మీద గేలం వేసుకుని కూర్చున్న ముసలాయన. గడ్డి టోపీ, భుజాల మీంచి పట్టీలున్న ప్యాంటు, సన్నగా ఎండిన ఒళ్ళు. ఏడాదికోసారి వచ్చే మమ్మల్ని ఎప్పుడూ దూరం నుంచి చూసి చెయ్యి ఊపేవాడట. ఆ రోజు దగ్గరికొచ్చి, అదేమిటో అంత బాగా వాసన వస్తోందే అన్నాడు. అమ్మ కాగితం ప్లేటులో రెండు పెట్టి ఇచ్చింది. మొదటిది తిని ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. రెండోదీ తిన్నాడు. తర్వాత నా పక్కనే అరుగు మీద కూర్చుని, టోపీ తీసి, దూలం వైపు చెయ్యెత్తి ఏదో చెప్పాడు.

"ఏమంటాండాడు?" అంది జేజి.

"జేజీ, ఆయన చెప్తున్నాడు... ఆ పెద్ద కర్ర, ఆ బీమ్, ఆయన పెట్టాడు. అంతా ఆయన కట్టాడు."

"ఈయనా? ఒక్కడే?"

"కాదు. చాలా బాయ్స్. అప్పుడు వాళ్ళు బాయ్స్."

ఆయన చెప్పుకుంటూ పోయాడు. నేను నాకొచ్చిన ముక్కల్లో జేజికి చెప్పుకుంటూ పోయాను. వాళ్ళ నాన్నకి పత్తి చేను ఉండేది. వానల్లేక ఎండింది, ధర పడిపోయింది. దేశమంతా ఎక్కడా పని లేదు. అప్పుడు ప్రభుత్వం ఆయన లాంటి కుర్రాళ్ళని పోగుచేసి, లారీలెక్కించి, ఇలాంటి చోట్ల దింపింది. అప్పుడిక్కడ చెరువు లేదు. వాగూ, గుట్టా, ముళ్ళకంపా. గుడారాలు వేసుకుని ఉన్నారు. గుట్టలో రాయి తీశారు, కట్ట కట్టారు, మొక్కలు నాటారు, మెట్లు వేశారు, ఈ మంటపం లేపారు. జీతంలో చాలా భాగం నేరుగా ఇంటికి, వాళ్ళమ్మకి పోయేది. దాంతో ఇంట్లో తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ గట్టెక్కారు.

జేజి అంతా విని ఒక్క ప్రశ్న అడిగింది. "కడుపుకేం పెట్టిరో అడుగు."

అడిగాను. ముసలాయన నావైపు కాదు, జేజి వైపు తిరిగాడు. ఇన్నేళ్ళలో కట్ట ఎట్లా కట్టారని, రాయి ఎట్లా మోశారని అడిగినవాళ్ళే గానీ, ఏం తిన్నారని ఎవరూ అడగలేదన్నాడు. చిక్కుడు గింజలు, మొక్కజొన్న రొట్టె, గుడ్లు, మాంసం. అడిగినంత. మొదటిరోజు భోజనాల దగ్గర, రేపు పొద్దున ఉంటుందో ఉండదోనని రొట్టెలు జేబులో దాచుకున్నాడట. పొద్దున లేచి చూస్తే మళ్ళీ బల్ల నిండా తిండి. జేబులో రొట్టెలేమో పొడి పొడి.

ఇది నేను తెలుగులో ఎలాగో చెప్పాను. జేజి పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"నేనూ దాచుకుంటి. చెప్పు ఆయనకి. కరువు పనిలో సంగటి ముద్ద పావడా మడతలో దాచుకుంటి అని చెప్పు."

నేను నోరు తెరిచి ఆగిపోయాను. "కరువు అంటే?"

"కరువు తెలీదా బిడ్డా?" అని నా ముఖంలోకి చూసింది. కరువు తెలియని మనిషిని అంతకుముందు చూసి ఉండదు.

నాన్న కొంచెం దూరంలో డాక్టర్ అంకుల్‌తో కలిసి ఐస్ చెస్ట్ మోసుకొస్తున్నాడు. నేను గట్టిగా అరిచాను. "నాన్నా! కరువు పని అంటే ఇంగ్లీష్‌లో ఏంటి? జేజి చేసిందంట!"

అందరూ ఇటు తిరిగారు. నాన్న ఐస్ చెస్ట్ కింద పెట్టి వచ్చాడు. వినడంలో పిల్ల పొరబడిందనుకున్నాడు. ముసలాయనకి నవ్వుతూ వివరించడం మొదలుపెట్టాడు. మా ప్రాంతంలో వానలు తక్కువనీ, పాతకాలంలో కరువులొచ్చేవనీ, బీదవాళ్ళకి అప్పటి ప్రభుత్వం రోడ్డు పని పెట్టేదనీ, ఆ బీదవాళ్ళ గురించే తన తల్లి చెబుతోందనీ. ఆ ముక్క నేను జేజికి తెలుగులో చెప్పాను.

"వాళ్ళ గురించి కాదురా," అంది జేజి. "మేము పోతిమి."

"మేమంటే ఎవురమ్మా?"

"నేను, మా యమ్మ, మా నాయన. ఇంకెవురు? భూమి ఉండ్య. భూమి ఉంటే ఏమి, వాన రావాల గదా. వరసగా ఎండిపాయ. ఎద్దుల్ని అమ్మేస్తిమి. రోడ్డు పని పెట్టినారంటే పోతిమి. మా నాయన రాయి కొట్టె. నేనూ మా యమ్మ గంపలకెత్తుకుని మోస్తిమి. సంకలో తమ్ముడు. ఇంట్లో ఇడిస్తే వానికి గంజి యాడిది? ఆడ పనికాడైతే బిడ్డలకి పోస్తాండ్రి. ముందు వానికి తాపి, తర్వాత నేను మోస్తాంటి. చెప్పు ఆయనకి. నిలబడితివేమి?"

మా నాన్న ఇంగ్లీషు ఎప్పుడూ తడబడి ఎరగదు. ఆఫీసులో పెద్దవాళ్ళ ముందు గంటలసేపు మాట్లాడేవాడు. ఆ రోజు "మై మదర్" అని ఆగాడు. మళ్ళీ "మై మదర్" అన్నాడు. తర్వాత ఒక్కొక్క మాటా పేర్చుకుంటూ చెప్పాడు. మా అమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు రాళ్ళు మోసింది. తమ్ముణ్ణి ఎత్తుకుని మోసింది. గంజి కోసం మోసింది. ముసలాయన టోపీ గుండె దగ్గర పెట్టుకుని చివరిదాకా విన్నాడు. పాపం అనలేదు. ఒక్కటే అడిగాడు. ఆ రోడ్డు ఇంకా ఉందా?

నాన్న ఆ ప్రశ్న జేజికి చెప్పాడు.

"ఉండకేమి! బస్సు పోతాది దాని మీద," అంది జేజి.

ఆ మాట ఇంగ్లీషులో వినగానే ముసలాయన ముఖం వెలిగిపోయింది. లేచి నిలబడి చెయ్యి చాచాడు. మగవాడి చెయ్యి పట్టుకునే అలవాటు లేని జేజి రెండు చేతులూ జోడించింది. ఆయన కూడా, గేలం చంకలో ఇరికించుకుని, అలాగే జోడించాడు.

అంతవరకూ బాగానే ఉంది. డాక్టర్ అంకుల్ దగ్గరికి వచ్చి, "అయ్యయ్యో, ఎంత కష్టపడ్డారండీ పాపం! మావాళ్ళయితే కరువొచ్చినప్పుడు ఊళ్ళో గంజి పోయించేవారంట, మా తాతగారు చెప్పేవారు," అన్నాడు. ఆయన ఉద్దేశం మంచిదే అయ్యుండవచ్చు. నాన్న చెరువు కట్ట వైపు నడిచిపోయాడు. కట్ట మీద ఆ చివర చిన్నగా కనపడుతూ చాలాసేపు ఒక్కడే నిలబడ్డాడు.

మా అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. జేజి పక్కన కూర్చుని, పిల్లలు మిగిల్చిన నాగజెముడు పండు ఒకటి తీసుకుని, "ఎట్లా చీల్చాలో చూపించండి అత్తయ్యా," అంది. జేజి చూపించింది. అమ్మ తింది. ఇద్దరి పెదాలూ ఒకేలాగా ఎర్రబడ్డాయి. ఇంకోటి తీసుకుంది.

తిరుగు ప్రయాణం మొదలైంది. ఎండ పడమటికి దిగింది. నేను వెనక సీట్లో దూరమవుతున్న గుట్టని చూస్తూ అన్నీ వింటున్నాను. చివరికి నాన్న అన్నాడు. "నాకెప్పుడూ చెప్పలేదే నువ్వు. గడప దాటని మనిషని ఊరంతా చెప్పుకుంటి."

"నేను చెప్పమంటినా?" అంది జేజి. "పెండ్లైన నాడే మా యమ్మ, మీ అవ్వ, చెప్పె, రాళ్ళు మోసినామని యాడా అనొద్దని. పరువు పోతాదని. అనకపోతి."

"మరి ఇయ్యాల ఎందుకు అంటివి? అందరి ముందర?"

జేజి అద్దం నుంచి ముఖం తిప్పింది. "ఆ ముసలాయప్ప తిండి లేకనే గదా వచ్చింది ఇక్కడికి. మరి ఆయప్ప ఎట్ల చెప్పుకున్నాడో చూస్తివా? దూలం కల్లా చెయ్యెత్తి, నేను కట్టినా అన్నాడు. నేను ఎన్నేండ్లు ఆ రోడ్డు మీద బస్సులో పోతి, ఎన్నేండ్లు వస్తి. ఒక్కనాడన్నా అట్ల చెయ్యెత్తితినా?"

నాన్న కారు నెమ్మది చేశాడు. జేజి మళ్ళీ అంది. "నా సంకలో బిడ్డ ఎవురనుకున్నావు? నీకు అక్షరాలు దిద్దించి, కాలేజీ దాకా పంపిన మీ మామే. ఆ గంజి లేకుంటే వాడు యాడ, నువ్వు యాడ?"

సీట్లో ముందుకి తిరిగి చూస్తే అద్దంలో నాన్న కళ్ళు నాకు కనపడ్డాయి. అమ్మ ముందు సీట్లోంచి వెనక్కి చెయ్యి చాచి జేజి మోకాలి మీద వేసింది. ఇంటికి చేరేదాకా తీయలేదు.

తర్వాతి శనివారం పొద్దున్నే నాన్న తాళంచెవులు తీసుకుని, "అమ్మా, చెరువుకాడికి పోదామా?" అన్నాడు. ఆ శనివారమే కాదు, చలి మొదలయ్యేదాకా దాదాపు ప్రతి శనివారం వెళ్ళాం. ముసలాయన మాకోసం చూస్తూ ఉండేవాడు. ఆయనా జేజీ మెల్లగా నడుస్తూ ముందు, నేనూ నాన్నా వెనక. మెట్లు, వంతెన, వాగు పొడుగునా వాళ్ళు నాటిన పెకాన్ చెట్లు, అన్నీ చూపించాడు. ఒక గోడ దగ్గర ఆగి, ఇది వంకరగా వచ్చిందని మేస్త్రి తనతో విప్పించి మళ్ళీ కట్టించాడని చెప్పాడు. జేజి పడీపడీ నవ్వి, వాళ్ళ పనిలో గుర్రమెక్కి వచ్చిన దొర గంపలో రాళ్ళు తక్కువున్నాయని తిరగ్గొట్టిన సంగతి చెప్పింది. ఆయనతో పనిచేసిన కుర్రాళ్ళలో చాలామంది తర్వాత యుద్ధానికి వెళ్ళారు. కొందరు తిరిగిరాలేదు. తను తిరిగొచ్చిన వారంలోనే ఇక్కడికి వచ్చి, ఈ అరుగు మీద కూర్చుని, పిల్లలు నీళ్ళలో దూకడం చూశానన్నాడు. ఇదంతా నాన్నే మార్చి చెప్పేవాడు. రానురానూ ఆయన గొంతులో బెరుకు పోయింది. ఒక్కోసారి జేజి చెప్పినదానికంటే ఎక్కువే చెప్పేవాడు. ఆ సంకలోని తమ్ముడు ఎంతటి పంతులయ్యాడో, ఎందరికి చదువు చెప్పాడో, అదంతా కలిపి. జేజి "నేనంత సేపు మాట్లాడలేదే!" అనేది.

ఆమె ఊరికి తిరిగి వెళ్ళిపోయే ముందు వారం ఆవకాయ సీసా ఒకటి ముసలాయనకి ఇచ్చింది. మొక్కజొన్న రొట్టెలో నంజుకుని తింటున్నానని ఆయన తర్వాత నాన్నతో అన్నాడు.

రెండేళ్ళకి ఆయన పోయాడు. ఆ వసంతంలోనే పెద్ద వాన కురిసి, చెరువు పొంగి, మెట్లు కొన్ని కొట్టుకుపోయాయి, మంటపం ఒక మూల కుంగింది. బాగుచేయడానికి శనివారాలు మనుషులు కావాలని పార్కు వాళ్ళు అడిగితే, మా నాన్న పేరిచ్చాడు. జన్మలో పలుగు పట్టని మనిషి. మొదటి రోజు ఇంటికొచ్చి అన్నం ముద్ద కలపలేకపోయాడు, అరచేతుల్లో అంతటి బొబ్బలు. అమ్మ స్పూను ఇచ్చింది. మళ్ళీ శనివారం వెళ్ళాడు. తర్వాత డాక్టర్ అంకుల్ కూడా వెళ్ళాడు, ఎవరూ పిలవకుండానే, కొత్త గ్లౌజులు కొనుక్కుని. కొట్టుకుపోయిన రాళ్ళని వాగులోంచి ఏరి తెచ్చి, పాత రాళ్ళనే పాత చోట్లలో పెట్టారు. ఇప్పుడు చూస్తే ఏది ఆ కుర్రాళ్ళు పెట్టిందో, ఏది మా నాన్నవాళ్ళు పెట్టిందో నేను కూడా చెప్పలేను.

ఇప్పుడు ఆలోచిస్తే ఆశ్చర్యం వేస్తుంది. తిండికి లేని కుర్రాళ్ళు అంత లావు దూలాలు ఎందుకు చెక్కారు? ఏదో ఒక రేకుల షెడ్డు వేసి జీతం తీసుకుని పోయినా అడిగేవాళ్ళు ఉండేవారు కారేమో. జేజి వాళ్ళ నాన్న కొట్టిన కంకర అయినా అంతే. ఆకలితో చేసిన పని అది. అయినా బస్సు బరువు మోసింది. ఆ రోజుల్లోని మనుషులు దాదాపు అందరూ పోయారు. పాన్‌కేక్ పిండి గులాబ్ జాములు పోయాయి, కరివేపాకు రెమ్మని పంచుకోవడం పోయింది, వెనక్కి తిరిగి కూర్చునే సీట్లున్న కార్లు పోయాయి.

జేజికి అప్పట్లో ఇంట్లో ఫోన్ లేదు. నెలకోసారి ముందే చెప్పుకుని పోస్టాఫీసుకి వచ్చి కూర్చునేది. నాన్న ఇక్కణ్ణించి చేసి గట్టిగా అరుస్తూ మాట్లాడేవాడు. మేమెలా ఉన్నామని అడిగేలోపే ఆమె అడిగేది, మంటపం ఎట్లుండాది అని. ఆమెతో మేం మాట్లాడిన చివరిసారి కూడా అంతే. నేను ఇంకో రిసీవర్ చెవికి ఆనించుకుని వింటున్నాను.

"బాగుండాదమ్మా," అన్నాడు నాన్న. "పోయిన వారమే పోయొస్తి. మూల లేపినాము. చెరువు నిండుగా ఉండాది. పిల్లోళ్ళు ఈత కొడతాండారు."

"ఎవురి పిల్లోళ్ళు?"

"ఎవురోనమ్మా. నాకు తెలీదు."

లైన్‌లో కాసేపు గరగర వినపడింది. కట్ అయిందేమో అనుకున్నాం. తర్వాత జేజి గొంతు, చాలా దూరం నుంచి, తృప్తిగా వచ్చింది.

"అట్లే ఉండాలప్పా. ఎవురి పిల్లోళ్ళో అయి ఉండాల."